కంప్యూటరులో ద్వైరాజ్యము

ఒకే కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టములను నిలుపుకొనవలయునను కోరిక మన ప్రాంతమున విలాసమువలన గాక అవసరమువలన పుట్టినది. ముద్రణాలయములకు పుటలు కూర్చియిచ్చు డీటీపీ పనివారు 'అను' ఫాంట్లతో పేజ్‌మేకరులో ఎంతో కాలముగా తెలుగు కూర్చుచున్నారు. ఆ పనికి విండోస్ తప్పదు. దుకాణపు లెక్కలు టాలీలో వ్రాయువారికిని అదియే శరణ్యము. అదే యింట ఇంజనీరింగు చదువుచున్న కుమార్తెకో కుమారునికో ప్రోగ్రామింగు అభ్యాసమునకు లినక్స్ కావలసివచ్చును. ధర చెల్లింపనక్కరలేనిదియు, లోపలి నిర్మాణమును ఎల్లరును చదివి సవరింపదగినదియు నగు ఆ వ్యవస్థను తెలుగు భాషలో అందించుటకు హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు చేసిన కృషియు తక్కువది కాదు. రెండవ యంత్రము కొను స్తోమత లేని కుటుంబము ఉన్నదానినే పంచుకొనును. స్విచ్చి వేసినంతనే విండోస్ కావలయునా, లినక్స్ కావలయునా అని యడుగు ఆ యేర్పాటునే డ్యూయల్ బూట్ అనుచున్నారు.

ఈ యేర్పాటు చక్కగా కుదిరినచో సంవత్సరముల తరబడి ఏ చిక్కును లేక సాగును. కుదరనప్పుడు మాత్రము నల్లని తెరపై అర్థము కాని రెండు ఆంగ్ల వాక్యములు తప్ప మరేమియు కనబడక, పెండ్లి ఫోటోలు, పరిశోధన వ్యాసములు, పన్ను లెక్కలు సమస్తమును నశించినవని ఇంటివారి గుండె జారిపోవును. సత్యమేమనగా అట్టి ఉపద్రవములలో పెక్కింట పోవునది సొత్తు కాదు, సొత్తునొద్దకు చేర్చు దారి మాత్రమే. దారి తప్పిన క్షణమున కంగారుపడి, ఫార్మాట్ కొట్టించి మరల ఓఎస్ వేయించుకొందమని దుకాణమునకు పరుగెత్తుటచేతనే, అంతవరకు చెక్కుచెదరక యున్న ఫైళ్లు నిజముగా నాశనమగుచున్నవి. ఈ వ్యాసమున నేను ప్రధానముగా చెప్పదలచినది ఇదియే. తక్కినదంతయు ఆ దారి యెచ్చట తప్పునో, ఏల తప్పునో విశదపరచుటకు.

స్విచ్చి వేసిన తొలి క్షణమున ప్రాసెసరునకు విండోస్ అన నేమో, లినక్స్ అన నేమో తెలియదు. మదర్‌బోర్డుపై నొక చిప్పులో నిక్షిప్తమైయున్న చిన్న ప్రోగ్రాము ముందుగా మేల్కొని, కీబోర్డు, తెర, డిస్కు మున్నగువానిని పరీక్షించి, డిస్కుపై నొక నిర్ణీత స్థలమునుండి తరువాతి ప్రోగ్రామును చదివి, అధికారమును దానికి అప్పగించును. పాత కంప్యూటర్లలో ఆ చిప్పులోని ప్రోగ్రామును బయోస్ అందురు. అది చదువునది డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అనగా కేవలము 512 బైట్లను. 1983లో ఐబీఎం వారి పీసీ డాస్ 2.0తో కూడ వచ్చిన యేర్పాటిది. ఆ 512 బైట్లలో 446 ప్రారంభ ప్రోగ్రామునకును, 64 డిస్కు ఏయే భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టికకును, మిగిలిన రెండు ఇది ప్రామాణికమైన సెక్టారని చాటు ముద్రకును కేటాయింపబడినవి. ఒక్కొక్క భాగమునకు 16 బైట్ల చొప్పున ఆ పట్టికలో నాలుగు పార్టిషన్లకే చోటు. సెక్టార్లను లెక్కించుటకు 32 బిట్లే యుండుటచే, 512 బైట్ల సెక్టార్లు గల డిస్కులో రెండు టెరాబైట్లకు పైబడిన స్థలమును ఈ పట్టిక గుర్తింపజాలదు. ఇంతటి ఇరుకు ద్వారమున ఒక్కసారి ఒక్కరే నిలువగలరు. రెండు వ్యవస్థల నడుమ తొలి కలహమంతయు ఆ 446 బైట్లకొరకే జరిగినది.

విండోస్‌ను స్థాపించునప్పుడు అది తన ప్రారంభ ప్రోగ్రామును ఆ చోట వ్రాసికొనును. అంతకుముందు అచ్చట నేమున్నదని విచారింపదు. తానొక్కటియే ఆ యంత్రమునకు ఏలిక యను భావనతో నిర్మింపబడిన వ్యవస్థ యది. లినక్స్ సంప్రదాయము వేరు. దానితో వచ్చు గ్రబ్ అను బూట్‌లోడరు డిస్కును గాలించి, విండోస్ కనబడినచో దాని పేరును గూడ తన పట్టికలో చేర్చి, ఎన్నుకొను స్వాతంత్ర్యమును మనకిచ్చును. కావుననే ముందు విండోస్, పిదప లినక్స్ అను నియమము పుట్టినది. ఈ క్రమమును తలక్రిందులు చేసినవారికి లినక్స్ ఉన్నట్టుండి మాయమైనట్లు తోచును. పొలము దున్నుకొనుచున్న రైతు పేరు అడంగలులో తొలగిపోయినంతమాత్రమున పొలము ఎక్కడికిని పోదు. అట్లే ప్రారంభ సెక్టారులో గ్రబ్ చెరిగిపోయినను లినక్స్ పార్టిషను తన స్థానమున భద్రముగనే యుండును. పెన్‌డ్రైవునుండి లినక్స్‌ను తాత్కాలికముగా నడిపి గ్రబ్‌ను మరల వ్రాయించినచో పోయినదనుకొన్నది తిరిగి వచ్చును. పార్టిషన్ల పట్టికయే చెడిపోయినప్పుడు సైతము టెస్ట్‌డిస్క్ వంటి సాధనములు డిస్కును వెదకి పూర్వపు ఎల్లలను పెక్కుమారులు కనిపెట్టగలవు. కాని ఆ ఎల్లల నడుమ కొత్త ఓఎస్ వేసి, పాత సమాచారముపై కొత్త సమాచారమును వ్రాసిన పిదప ఏ సాధనమును ఏమియు చేయజాలదు.

దీనికి విపర్యయమైన ఆపద మరియొకటి కలదు. లినక్స్‌తో పని తీరినదని, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంటు తెరచి లినక్స్ పార్టిషనును తొలగించి, స్థలము కలిసివచ్చినదని సంతోషించినవారు, తరువాత స్విచ్చి వేసినప్పుడు 'గ్రబ్ రెస్క్యూ' అను రెండు మాటలను చూచి నిశ్చేష్టులగుదురు. గ్రబ్ 446 బైట్లలో ఇముడునది కాదు. దాని తొలి తునక మాత్రమే మొదటి సెక్టారులో నుండును. మరికొంత భాగము ఆ సెక్టారునకును తొలి పార్టిషనునకును నడుమనున్న ఖాళీ స్థలమునను, శేషము లినక్స్ పార్టిషనునందును ఉండును. ఆ శేషమును మనమే చెరిపివేసినందున తొలి తునక దిక్కు తోచక నిలిచిపోయినది. విండోస్‌కు మాత్రము ఏమియు కాలేదు. పాత పద్ధతి యంత్రములలో విండోస్ స్థాపనకు వాడు పెన్‌డ్రైవునుండి రిపేరు విభాగమునకు పోయి, ప్రారంభ సెక్టారును తిరిగి వ్రాయు ఆజ్ఞ నిచ్చినచో చాలును. కొత్త యంత్రములలో బూట్ మెనూ తెరచి విండోస్‌ను ఎన్నుకొనిన అది నేరుగానే మేల్కొనును. లినక్స్‌ను తొలగింపదలచినవారు ముందు దారిని విండోస్ వైపు మరలించి, తరువాతనే పార్టిషనును ముట్టుకొనవలయును.

ఇప్పుడు విక్రయింపబడుచున్న కంప్యూటర్లలో బయోస్ స్థానమును యూఈఎఫ్ఐ ఆక్రమించినది. దానికి తోడుగా జీపీటీ అను కొత్త పట్టిక వచ్చినది. ఇందు సాధారణముగా 128 పార్టిషన్లకు చోటు కలదు. పట్టిక ప్రతి యొకటి డిస్కు చివరను గూడ భద్రపరుపబడును. బూట్ ప్రోగ్రాములు ఇక మొదటి సెక్టారులో ఇరుకుకొనక, వానికై ప్రత్యేకింపబడిన చిన్న పార్టిషనులో వేరువేరు ఫోల్డర్లలో నుండును. శాస్త్రప్రకారము చూచిన, ఒకరి ఇంట ఒకరు అడుగిడవలసిన పనియే లేదు. కాని ఏది ముందు, ఏది వెనుక యను వరుస మదర్‌బోర్డు జ్ఞాపకమున నుండును; కొన్ని సందర్భములందు విండోస్ పెద్ద అప్‌డేట్ల అనంతరము ఆ వరుస మారి విండోస్ ముందునకు వచ్చును. కొన్ని లాప్‌టాపులలోని యూఈఎఫ్ఐ, వరుసను లెక్కచేయక విండోస్ లోడరునే వెదకి నడుపునట్లు తయారైనది. ఏ సందర్భమునైనను, స్విచ్చి వేసిన వెంటనే కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీట నొక్కి బూట్ మెనూ తెరచి చూచినగాని లినక్స్ పోయినదని నిర్ణయింపరాదు.

యూఈఎఫ్ఐ యుగమున మిక్కిలి మందిని తికమకపెట్టునది రెండు పద్ధతుల సంకరము. పెక్కు యంత్రములు కొత్త పద్ధతితోబాటు పాత బయోస్ పద్ధతిని గూడ అనుకరింపగలవు. ఒకే పెన్‌డ్రైవు బూట్ మెనూలో రెండు పేర్లతో కనబడుట అందుచేతనే. విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో నుండగా లినక్స్‌ను పాత పద్ధతిలో ఎక్కించినచో, రెండును పనిచేయును గాని ఒకదాని పట్టికనుండి మరియొకదానిని పిలుచుట సాధ్యము కాదు. స్థాపనకు ముందే విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరచి బయోస్ మోడ్ అను పంక్తిలో యూఈఎఫ్ఐ అని యున్నదో, లెగసీ అని యున్నదో చూచికొని, లినక్స్‌ను సరిగా ఆ పద్ధతిలోనే ఆరంభింపవలయును.

స్థాపన వేళ ఎదురగు మరి రెండు అడ్డంకులను వేగముగా చెప్పి ముందునకు సాగెదను. డిస్కులో సగము ఖాళీగా నున్నను సీ డ్రైవును విండోస్ కొంతమాత్రమే కుదింపనిచ్చుట మొదటిది. కదలింపరాని కొన్ని ఫైళ్లు పార్టిషను మధ్యనో చివరనో పాతుకొనియుండుటయే దానికి కారణము. హైబర్నేషన్‌ను, పేజింగ్ ఫైలును తాత్కాలికముగా తొలగించి యత్నించిన తరచుగా ఫలించును. రెండవది, లినక్స్ స్థాపన ప్రోగ్రామునకు డిస్కే కనబడకుండుట. ఇంటెల్ వారి ఆర్ఎస్‌టీ పద్ధతిలో డిస్కును అమర్చిన లాప్‌టాపులలో ఇది కలుగును. సెట్టింగులలో దానిని ఏహెచ్‌సీఐగా మార్చవలసియుండును. అయితే విండోస్‌ను ముందుగా సేఫ్ మోడ్‌లో మేల్కొనునట్లు సిద్ధపరుపక మార్చినచో అది నీలి తెర చూపి మొరాయించును. అప్పుడును భయపడ పనిలేదు. పాత సెట్టింగునకు తిరిగి మార్చినచో విండోస్ పూర్వమువలెనే లేచును.

ఇంతకంటె సూక్ష్మమైనదియు, ఫైళ్లకు నిజముగా హాని చేయగలదియు నగు చిక్కు వేరొకటి కలదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి మైక్రోసాఫ్ట్ వారు ఫాస్ట్ స్టార్టప్ అను సౌకర్యమును ప్రవేశపెట్టిరి. అది అమలులో నున్నప్పుడు మనము షట్‌డౌన్ నొక్కినను విండోస్ పూర్తిగా ఆగిపోదు. మన ప్రోగ్రాములను మూసివేసి, తన కెర్నెల్ స్థితిని డిస్కుపై నొక ఫైలులో భద్రపరచి నిద్రించును. మరల స్విచ్చి వేసినప్పుడు ఆ ఫైలును చదివి త్వరత్వరగా మేల్కొనును. నిద్రించుచున్న విండోస్ జ్ఞాపకమున పార్టిషనులోని ఫైళ్ల లెక్క ఎట్లున్నదో అట్లే నిలిచియుండును. ఈ నడుమ లినక్స్ లేచి అదే పార్టిషనులో నొక కొత్త ఫైలు వ్రాసినను, పాత ఫైలును తొలగించినను, విండోస్ లేచి తన పాత జ్ఞాపకము ననుసరించియే వ్రాయసాగును. రెండు లెక్కలును పొసగక ఫైళ్ల వ్యవస్థ చిందరవందర యగును. ఈ ప్రమాదము నెరిగియే లినక్స్ అట్టి పార్టిషనును చదువుటకు మాత్రమే తెరచి, వ్రాయుటకు నిరాకరించుచుండును. ఆ నిరాకరణమును లోపముగా భావించి బలవంతముగా వ్రాయించు ఉపాయములను వెదకుట తగదు. అది మన సొత్తును కాపాడుటకు చేసిన నిరాకరణము. విండోస్ కంట్రోల్ ప్యానెలునందలి పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ ఎదుటి గుర్తును తీసివేసిన ఈ చిక్కు తీరును. తీసివేయు వీలు లేనప్పుడు షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోనికి పోవలయును. షట్‌డౌన్‌కంటె రీస్టార్టే సంపూర్ణమైన విరామమగుట వింతగా తోచును గాని, ఈ సౌకర్యము అమలులో నున్నంతకాలము వాస్తవమిదియే.

గడియారపు చిక్కు అంత అపాయకరము కాదు. మన దేశమున దానిని గుర్తుపట్టుటయు మిక్కిలి సులభము. లినక్స్‌లో పనిచేసి విండోస్‌లోనికి వచ్చినవారికి కాలము సరిగా ఐదున్నర గంటలు వెనుకబడి కనబడును. విండోస్ దానిని దిద్దుకొనిన పిదప లినక్స్‌లోనికి పోయినచో ఐదున్నర గంటలు ముందునకు దుమికియుండును. మదర్‌బోర్డుపై చిన్న బ్యాటరీతో నడుచు గడియారమొకటి కలదు. డాస్ కాలపు ఆచారము ననుసరించి విండోస్ ఆ గడియారమున స్థానిక కాలమున్నదని నమ్మును. యునిక్స్ సంప్రదాయమునకు చెందిన లినక్స్ అందు సార్వత్రిక కాలమున్నదని నమ్మి, దానికి మన ఐదున్నర గంటలను కూడి చూపును. నెట్ నుండి సరియైన కాలము వచ్చినంతనే ప్రతి వ్యవస్థయు తన నమ్మకము చొప్పున గడియారమును దిద్దుచుండుటచే ఈ దోబూచి ముగియదు. కాలము తప్పియున్నప్పుడు బ్రౌజరు సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రములను శంకించి తెరచుటకు నిరాకరింపవచ్చును గనుక దీనిని ఉపేక్షింపరాదు. లినక్స్‌ను స్థానిక కాలమునకు మార్చుటకు ఒక్క ఆజ్ఞ చాలును. నిపుణులు దీని నంతగా మెచ్చరు. వేసవిలో గంట ముందునకు జరుపు దేశములలో ఇది గందరగోళమునకు దారితీయుటయే అందుకు ముఖ్యకారణము. భారతదేశమున ఆ ఆచారము లేదు గనుక మనకు ఆ ఆక్షేపణ వర్తింపదు. అమెరికాలోని తెలుగువారి యిండ్లలో మాత్రము మార్చిలోను నవంబరులోను రెండు వ్యవస్థలును ఎవరికి వారే గంట మార్చి రెట్టింపు తప్పునకు పాల్పడవచ్చును. వారు రిజిస్ట్రీలో విండోస్‌నే సార్వత్రిక కాలమునకు మార్చుకొనుట యుక్తము.

ఇక సెక్యూర్ బూట్ సంగతి. విండోస్ 8తో వ్యాప్తిలోనికి వచ్చిన ఈ రక్షణ, విశ్వసనీయమైన డిజిటల్ సంతకము లేని బూట్ ప్రోగ్రామును నడువనీయదు. మార్కెట్టులోని కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ వారి తాళములే నిక్షిప్తమైయుండుటచే, లినక్స్ పంపిణీదారులు షిమ్ అను చిన్న ప్రోగ్రామునకు మైక్రోసాఫ్ట్ సంతకము సంపాదించి, దానిచేత గ్రబ్‌ను పరీక్షింపజేసి నడుపుచున్నారు. 2020లో గ్రబ్‌లో బూట్‌హోల్ అను భద్రతాలోపము బయటపడినది. లోపభూయిష్టమైన పాత ప్రతుల నన్నింటిని ఒక్కొక్కటిగా నిషేధించుటకు మదర్‌బోర్డు జ్ఞాపకములో చోటు చాలదు గనుక, ఇన్నవ తరమునకు పూర్వపువి చెల్లవని తెలుపు ఎస్‌బ్యాట్ అను పద్ధతి యేర్పడినది. పద్ధతి సమంజసమైనదే. 2024 ఆగస్టు 13న వెలువడిన విండోస్ అప్‌డేట్ ఆ కొత్త హద్దును అమలుపరచినది. డ్యూయల్ బూట్ యంత్రములను అది ముట్టదని మైక్రోసాఫ్ట్ వారు చెప్పినను, కొన్ని యంత్రములలో రెండవ వ్యవస్థ యున్నదని గుర్తింపలేక ముట్టుకొన్నది. మరుసటిసారి లినక్స్ నెన్నుకొన్నవారికి 'ఏదో ఘోరమైన పొరపాటు జరిగినది' అను అర్థము గల సందేశము కనబడి యంత్రము ఆరిపోయినది. తాము చేసిన తప్పేమియు లేకయే, విండోస్‌లో జరిగిన యొక సాధారణ అప్‌డేట్‌వలన లినక్స్ నిలిచిపోవుట వారిని ఎంత కలవరపరచెనో ఊహింపవచ్చును. అప్పుడును ఫైళ్లు భద్రముగనే యున్నవి. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికముగా ఆపి, లినక్స్‌లోనికి పోయి ఆ కొత్త హద్దును చెరిపి, మరల రక్షణను అమలుపరచుకొన్నవారు బయటపడిరి. తరువాతి నెలనుండి మైక్రోసాఫ్ట్ వారు ఆ మార్పును అప్‌డేట్లనుండి ఉపసంహరించిరి. నా అభిప్రాయమున ఇట్టి సంఘటనలు చూచి సెక్యూర్ బూట్‌ను శాశ్వతముగా ఆపివేయుట తొందరపాటు. లినక్స్ పంపిణీని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసికొని, పాత షిమ్, పాత గ్రబ్ మిగులనీయకుండుట మేలైన మార్గము.

పైన చెప్పినవానిలో సొత్తుకే ఎసరుపెట్టునది ఫాస్ట్ స్టార్టప్ ఒక్కటియే యని పాఠకులు గ్రహించియుందురు. దానికి సరితూగు రెండవ ప్రమాదము బిట్‌లాకరువలన కలుగును. కొత్త విండోస్ లాప్‌టాపులలో యజమానికి తెలియకుండగనే డిస్కు గూఢాక్షరములలోనికి మార్చబడియుండవచ్చును. ఆ గూఢాక్షరముల తాళము టీపీఎం అను చిప్పులో నుండును. బూట్ దారిలో ఏదేని మార్పు జరిగినట్లు తోచినచో ఆ చిప్పు తాళము నీయక, 48 అంకెల రికవరీ కీ నడుగును. గ్రబ్‌ను చేర్చుటయు, సెక్యూర్ బూట్‌ను ఆపుటయు అట్టి మార్పులే. ఆ 48 అంకెలు చేతనున్నచో రెండు నిమిషముల పని. లేనిచో డిస్కులోని ప్రతి యక్షరమును కన్నులయెదుట నున్నను చదువరానిదగును. ఇక్కడ మాత్రము దారి పోయినచో సొత్తును పోయినట్లే. కావున లినక్స్ పెన్‌డ్రైవును చేతబట్టుటకు ముందే, మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై యున్న ఆ కీని కనుగొని, కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులతోబాటు దాచవలయును. ఫైళ్ల ప్రతిని వేరొక డిస్కునకు ఎక్కించుటయు అప్పుడే జరుగవలయును. సీ డ్రైవునుండి డీ డ్రైవునకు మార్చి బ్యాకప్ చేసితిమనుకొనువారున్నారు, ఆ రెండును ఒకే డిస్కులోని భాగములే.

ఇంత జాగ్రత్త యవసరమా యని యడుగువారికి వేరు మార్గములు లేకపోలేదు. లినక్స్‌ను పరిచయము చేసికొనుటకు మాత్రమే అయినచో విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ వేసికొనవచ్చును. 2016 నుండి మైక్రోసాఫ్ట్ వారే విండోస్ లోపల లినక్స్ ఆజ్ఞలను నడుపు సౌకర్యమును ఇచ్చుచున్నారు. డెస్క్‌టాపు గలవారు మరియొక చిన్న ఎస్ఎస్‌డీ కొని, పాత డిస్కు తీగను ఊడదీసి, లినక్స్‌ను కొత్తదానిపై వేసి, పిదప రెండింటిని కలుపుకొన్నచో పైనుదహరించిన కలహములలో పెక్కు పుట్టనే పుట్టవు. నన్నడిగినవారికి నేనిచ్చు తొలి సలహా ఇదియే. ఒకే డిస్కు గల లాప్‌టాపులకు మాత్రమే పంపకము తప్పదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు టీపీఎం 2.0 వంటివి లేని పాత కంప్యూటర్లు మన చిన్న పట్టణముల డీటీపీ సెంటర్లలో లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిని పారవేయ నక్కరలేదు, అట్లని భద్రతా సవరణలు రాని విండోస్‌తో నెట్‌లోనికి పోవుటయు క్షేమము కాదు. అట్టిచోట డ్యూయల్ బూట్ నూతనమైన ప్రయోజనమును సంతరించుకొనుచున్నది: పాత విండోస్‌ను నెట్‌నుండి విడదీసి పుటల కూర్పునకు మాత్రమే ఉంచుకొని, ఉత్తరప్రత్యుత్తరములను, బ్యాంకు పనులను లినక్స్‌లో జరుపుకొనవచ్చును. విండోస్ తనంత తానుగా లినక్స్ పార్టిషనును చదువజాలదు గాని, లినక్స్ విండోస్ పార్టిషనును చదువగలదు, వ్రాయగలదు. కావున డీ డ్రైవును విండోస్‌కు తెలిసిన ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలోనే ఉంచి, ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేసినచో, పేజ్‌మేకరులో కూర్చి పీడీఎఫ్‌గా మార్చిన పుటను రీస్టార్ట్ చేసి లినక్స్‌నుండి ముద్రణాలయమునకు మెయిలు చేయుటకు ఏ పెన్‌డ్రైవును అవసరము కాదు.